వాలు ఎక్కాల్సిన జీపు

వదిన తాళం తిప్పిన ఒక్క తిప్పుకే జీపు స్టార్టయింది.

షెడ్డు బయట నిలబడ్డ మరిది ముఖంలో నవ్వు కాస్త వాడింది. పాత ఇనుము కొనే మనిషిని అతనే పిలిపించాడు. ఆ మనిషి లారీ పైన రోడ్డు మీద ఎదురుచూస్తోంది.

ఒప్పందం తేలికైనదే. ఈ ఉదయం జీపు సొంత ఇంజన్ బలంతో పెరట్లోని వాలెక్కి రోడ్డు చేరితే షెడ్డు వదినది. ఎక్కలేకపోతే జీపు లారీలోకి, మరిది కొత్త కారు షెడ్డులోకి. తీర్పు అత్తగారిది. ఆవిడ కుర్చీ వేయించుకుని మరీ కూర్చుంది.

వదినకి బెంగేమీ లేదు. కొండదారుల్లో తిరిగి తిరిగి చివరికి ఎవరికీ అక్కర్లేకుండా పోయిన బండి అది. నట్టు నట్టూ విప్పి, కడిగి, మళ్లీ బిగించింది తనే. వెనక ఇరుసు మీద స్ప్రింగులు ఆనే ఇనుప దిమ్మలు తుప్పుకి రాలిపోతే, కొత్తవి కోసి వెల్డింగ్ చేసిందీ తనే. ముందు చక్రాలకి ఇంజన్ బలం అందించే కడ్డీ ఇంకా బిగించలేదు. ఈ వాలుకి వెనక చక్రాలు చాలు.

మొదటి గేరు వేసి క్లచ్ వదిలింది.

జీపు వెనక్కి దూకింది. గోడవారన పేర్చిన రేకుడబ్బాలు దడదడా కూలాయి.

"రోడ్డు ఇటుంది వదినా," అన్నాడు మరిది.

గేరు చూసుకుంది. మొదటిదే. రెండోదీ వేసి చూసింది. మళ్లీ వెనక్కే. ఇంజన్ ఆపి, టార్చి పట్టుకుని బండి కిందకి దూరింది.

ఒక్క చూపుతో అర్థమైపోయింది. వెల్డింగప్పుడు ఇరుసుని బల్ల మీద బోర్లా పెట్టి, అడుగువైపునే పైవైపనుకుని దిమ్మలు అతికించింది. బిగించేటప్పుడు ఇరుసు తలకిందులుగానే కూర్చుంది. దాంతో చక్రాలు ఎదురు దిక్కుకి తిరుగుతున్నాయి. సరిచేయాలంటే వారం పని. మరిది అప్పుడే తాడు దించమని లారీ వైపు చెయ్యి ఊపుతున్నాడు.

"ఏమైందమ్మాయ్?" అంది అత్తగారు.

"ఇరుసు తిరగేసి బిగించానత్తయ్యా. ముందుకి పొమ్మంటే వెనక్కి పోతోంది."

"మా చిన్నాడి పోలికే."

"అందుకే వెనక్కి పొమ్మంటాను."

వదిన సీటెక్కి రివర్స్ గేరు వేసింది. ఈ జీపులో మొదటి గేరు కన్నా రివర్సుకే బలమెక్కువ. బండి ముందుకి కదిలింది. వాలు మధ్యలో గులకరాళ్ల మీద వెనక చక్రాలు జారి గిర్రున తిరిగాయి. ఆమె కంగారుపడలేదు. యాక్సిలరేటర్ మీంచి కాలు కొంచెం ఎత్తింది. టైర్లకి నేల దొరికింది. నత్తలా, కానీ ఆగకుండా, జీపు పైకి పాకింది. లారీ మనిషి తనంతట తనే బండి పక్కకి తీసి దారిచ్చాడు.

నాలుగు చక్రాలూ రోడ్డు మీదికొచ్చాయి.

రివర్సులో ఎక్కితే చెల్లదని మరిది వాదనకి దిగాడు.

"ఏ గేరో నువ్వు చెప్పలేదు. రోడ్డెక్కిందా లేదా? అంతే," అని అత్తగారు కుర్చీలోంచి లేచింది.

వదిన ఇంజన్ ఆపి దిగింది. "మరిదిగారూ, ఇవాళే ఇరుసు దింపేస్తాను."

అతను జీపు చుట్టూ ఓసారి తిరిగాడు. బానెట్టు మీద చెయ్యి వేశాడు. "ఒక్కదానివల్ల అవుతుందా?"

"అవదు. చొక్కా మార్చుకు రండి."