కాయలు కడిగే నీళ్లు

సంగటి కెలుకుతుంటే వెనకనుంచి మా ఆయన ధనంజయ అన్నాడు, “ఇంక ఆ ఫ్యాక్టరీకి పోబాక. మనకూ పరువుండాది.”

బంగారుపాళ్యం మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో కాయలు ఏరే ఆడవాళ్లకు నేను సూపర్‌వైజర్ని. పోయినేడాది వేలూరు డాక్టర్లు నా జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేల్చారు. నరాల జబ్బు. వేడి తగిలితే కాళ్లు మాట వినవు, చూపు మసకబారుతుంది. ఉచ్చ వస్తోందని తెలిసిన క్షణమే పరిగెత్తాలి. ఆడవాళ్ల మరుగుదొడ్డేమో ఎక్కడో గేటు దగ్గర. ఈ సంగతి ఫ్యాక్టరీలో ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా నెట్టుకొచ్చాను.

మొన్న అదీ పనిచెయ్యలేదు. ఉడుకుతున్న గుజ్జు ఆవిరిలో నిలబడి ఉండగానే చీర తడిసిపోయింది. పక్కనున్న చెంగమ్మ నా ముఖం చూసింది, నేలకేసి చూసింది. కాయలు కడిగే నీళ్ల బకెట్టెత్తి నా కాళ్ల మీద వొంపేసింది. “చెయ్యి జారిపాయ రేవతమ్మా,” అంది అందరికీ వినపడేలా. కాయల లోడు దించే మునెయ్య “కండ్లు యాడ పెట్టుకోనుండావు?” అని ఆమెను తిట్టాడు. నా కోసం ఆమె తిట్లు తింటుంటే తల వంచుకుని నిలబడ్డాను.

ఇంటికొచ్చి ఏడుస్తూ మా ఆయనకు చెప్పుకున్నాను. ఆయన మా అత్తకు చెప్పాడు. “ఇంటికాడ రెస్టు తీసుకో,” అందామె.

రెస్టంటే తెల్లారకముందే పేడ తియ్యడం, కట్టెలపొయ్యి ముందు కూర్చోవడం, తోటలో కూలోళ్లకు సద్ది మోయడం. పొయ్యి వేడికి కాళ్లు వణికి కూలబడితే, “కుచ్చున్నావు గదా, ఆ వంకాయలు తరుగు,” అంది అత్త. ఫ్యాక్టరీకి పనికిరాని ఒళ్లు ఇంటికెట్లా పనికొచ్చిందో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఇంట్లోనూ చీర తడిసింది. పరువు మాత్రం పోలేదు. ఎవరూ చూడలేదు, నేనే ఉతుక్కున్నాను.

అట్లా చీర ఉతుక్కున్న మరునాడు సద్ది గంప గడప దగ్గర దించేసి బస్సెక్కాను.

మేనేజరు బాలసుబ్రమణ్యం గారి ముందు నిలబడితే చెవులు కాలిపోయాయి. “నన్ను డబ్బాలకు లేబుళ్లు అంటించే గదికి మార్చండి సార్,” అన్నాను.

“ఏంటికమ్మా? పని బాగానే చేస్తావుండావే.”

ఒంట్లో బాగాలేదని చెబుదామని దారంతా అనుకున్నాను. ఆ మాటంటే ఇంటికి పంపేస్తారు.

“నరాల జబ్బు సార్. వేడి పడదు. ఉచ్చ ఆపుకోలేను. ఆ గది చల్లగా ఉంటాది. పక్కనే ఆఫీసు బాత్రూం ఉండాది. దాన్ని వాడుకోనియ్యండి.”

ఆయన చూపు బల్ల మీదికి తిప్పుకున్నాడు. “అది మగోళ్లది గదమ్మా.”

“తెలుసు సార్. తలుపుకి గొళ్లెం ఉండాది.”

ఆయన బల్ల మీది రిజిస్టరు తెరిచి నా పేరు పక్కన ఏదో రాసుకున్నాడు. “సరే, రేపట్నించి ఆడికి పో. మనుషులు అడిగితే ఏం చెప్పేది?”

“ఉండేదే చెప్పండి.”

బయటికొచ్చేసరికి జాకెట్టు చెమటతో తడిసిపోయి ఉంది. మా ఆయన ఏమంటాడో తెలుసు, రేపు మునెయ్య వాళ్లు ఎట్లా చూస్తారో తెలుసు. సిగ్గు ఇసుమంతైనా తగ్గలేదు. సిగ్గుపడుతూ కూడా పనికి పోవచ్చని నాకు ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు.