వేపమండ కట్టిన వాకిలి

ఆ వాడలో ఎవరింట్లో పిల్లలకు తల్లి పోసినా ముందు కబురందేది భూదేవికే. డాక్టర్లు దానికి వేరే పేరు పెట్టుకున్నారు గానీ, నర్సింహులపేట మండలంలోని ఆ ఊళ్ళో ఒంటి మీద నీటి పొక్కులు లేస్తే ఎవరూ రోగం అనరు. తల్లి వచ్చిందంటారు. వచ్చినామెకు మర్యాద చేసి, చల్లబరిచి సాగనంపాలంటారు. ఆ మర్యాదలన్నీ భూదేవికి కంఠతా వచ్చు. గుమ్మానికి వేపమండ కట్టాలి, ఇంట్లో తాలింపు వాసన రాకూడదు, తల్లి పేరు చెప్పి బెల్లం నీళ్ళ సాక పోయాలి, పొక్కులు మాడాక పసుపూ వేపాకూ వేసిన నీళ్ళు పోయాలి. అన్నిటికంటే గట్టి నియమం ఇంకొకటుంది. తల్లి ఉన్నన్నాళ్ళూ గోలీ గానీ సూది గానీ ఆ గడప దాటకూడదు. కాస్త చదువుకున్న కోడలు ఎవరైనా గోలీల మాటెత్తితే, "ఇంటికొచ్చిన తల్లిని కట్టె పట్టి ఎల్లగొడ్తవా?" అని భూదేవి వాడంతా వినబడేలా కడిగి పెట్టేది. ఆమె నోటికి జడిసి మందుల షాపుకు పోయినవాళ్ళు కూడా కొంగులో దాచుకొని తెచ్చుకునేవారు.

అలాంటి భూదేవి ఏడాదిగా సబ్బు పట్టుకొని వాకిట్లో కూర్చుంటోంది. వచ్చింది సర్పంచైనా, సొంత తమ్ముడైనా చేతులు కడుక్కోనిదే గేటు దాటనివ్వదు. "మేం గంత పాడున్నమా?" అని చుట్టాలు మూతి ముడిస్తే ముడవనీ అనుకుంటుంది. ఇదంతా మనవరాలు మన్విత కోసం.

మన్వితకు ఐదేళ్ళు. ముందటేడు వానాకాలంలో దానికి వచ్చిన జ్వరం ఎంతకీ తగ్గలేదు. దెబ్బ తగలకుండానే కాళ్ళ మీద నీలం మచ్చలు లేచాయి. మానుకోటలో చూపించారు, వరంగల్‌లో చూపించారు, చివరికి హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో రక్తంలో క్యాన్సర్ అని తేల్చారు. పిల్లలకొచ్చే ఈ రకం చాలామందికి నయమవుతుందనీ, కాకపోతే రెండేళ్ళకు పైగా మందులు మానకూడదనీ చెప్పారు. కొడుకు జయపాల్‌ది చెల్పూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని, సెలవు దొరికితేనే రాగలడు. కోడలు కల్పన, భూదేవి నెలల తరబడి ఆ దవాఖానలోనే ఉన్నారు. వెన్నులోకి మందు ఎక్కిస్తుంటే పిల్ల కాళ్ళు కల్పన పట్టుకునేది, చేతులు భూదేవి పట్టుకునేది. జుట్టంతా ఊడింది, నోరంతా పూసింది. ఆ గండం గడిచాక ఇప్పుడు ఇంట్లోనే రోజూ గోలీలు, నెలకోసారి హైదరాబాద్ ప్రయాణం. మళ్ళీ మొలిచిన జుట్టు రింగులు తిరిగి వచ్చింది. అది తన పుట్టింటి పోలికని భూదేవి అందరికీ చెప్పుకుంటుంది. ఆమె పుట్టింట్లో ఒక్కరికీ రింగులు లేవు.

రోగాన్ని చంపే మందు పిల్ల ఒంట్లో కాపలా ఉండే బలాన్ని కూడా చంపుతుందని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఆమె చెప్పినవన్నీ భూదేవి తు.చ. తప్పకుండా చేసింది. ఒక్కటే మింగుడు పడలేదు.

"ఊళ్ళో ఎవరికైనా అమ్మవారు పోస్తే పాపను ఆ ఛాయలకు పంపకండి. తెలియక కలిసిందంటే పొక్కులు లేచేదాకా ఆగొద్దు. తెలిసిన రోజే ఫోన్ చేయండి."

ఆ రోజు రైల్లో ఇంటిదాకా భూదేవి గొణుగుతూనే ఉంది. "ఆమెకు తల్లి సంగతి ఏమెరుక? తల్లి పిల్లలను సల్లగ సూస్తది గని సంపుతదా?" కల్పన కిటికీలోంచి చేలు చూసింది. అత్త నోట్లో నోరు పెట్టడం కంటే అది సుఖమని ఆమెకు పెళ్ళైన కొత్తలోనే తెలిసింది.

ఈ మాఘమాసంలో ఒక ఆదివారం కల్పన మహిళా సంఘం మీటింగుకు పోయింది. మన్విత గేటు ఊచలు పట్టుకొని నిలబడింది. అవతల పక్కింటి ఎల్లక్క మనవడు నితిన్ అట్టపెట్టెకు తాడు కట్టి ట్రాక్టరు నడుపుతున్నాడు.

"నానమ్మా, జరసేపే. ఒక్క రౌండు."

ఏడాదిగా ఆ పిల్ల గేటు ఇవతలే పెరుగుతోంది. భూదేవి గుండె కరిగిపోయింది. నితిన్‌ను లోపలికి పిలిచి, వాడి చేతులు తనే సబ్బుతో రుద్ది రుద్ది కడిగి, ఇద్దరినీ ఆడుకోనిచ్చింది. ఇద్దరూ ట్రాక్టరు నడిపారు, కొట్టుకున్నారు, ఒకే గిన్నెలో పేలాలు తిన్నారు. మన్విత అంత గట్టిగా నవ్వడం విని చాలా కాలమైంది. కల్పన వచ్చాక భూదేవి ఆ ముచ్చట చెప్పలేదు. చెబితే మాట పడాల్సి వస్తుందని ఊరుకుంది.

మంగళవారం పొద్దున్నే ఎల్లక్క గోడ మీదుగా తల పెట్టి గొంతు తగ్గించి పిలిచింది. "వదినె, ఒక్కపారి రా. మా ఇంటికి తల్లి వచ్చినట్టున్నది."

భూదేవి కాళ్ళు కడుక్కొని వెళ్ళింది. నితిన్ చాప మీద పడుకొని ఉన్నాడు. ముఖం మీదా ఛాతీ మీదా నీటి పొక్కులు. భూదేవి దండం పెట్టుకుంది. ఆ వెంటనే అలవాటు కొద్దీ నోరు పనిలో పడింది. వేపమండలు తెమ్మంది, పొయ్యి మీది కూర దించమంది, బెల్లం ఏదని అడిగింది. గిన్నెలో సాక కలుపుతూ, "జరం ఎప్పటిసంది?" అంది.

"ఐతారం మాపటిసంది. నీ మనవరాలితోని ఆడి వచ్చినంక ఒళ్ళు కాలవట్టింది. ఎండల ఆడిండు గద, గదే అనుకున్న."

భూదేవి చెయ్యి గిన్నెలో ఆగిపోయింది.

ఎల్లక్క అది గమనించలేదు. "ఎవ్వలకు చెప్పకు వదినె. మా కోడలు జనగామల తల్లిగారింట్ల నిండు నెలల మీదున్నది. కొడుక్కు గిట్లయిందని తెలిస్తే ఆగది, ఉరికస్తది. జర కడుపుల పెట్టుకో."

"సరే" అంది భూదేవి. ఆ సరే తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

ఇంటికొచ్చి లోపలికి పోకుండా నల్లా కింద కూర్చొని చీరతోనే నీళ్ళు కుమ్మరించుకుంది. గిన్నెలు తోముతున్న కల్పన తలెత్తింది. "పొద్దుగాలనే గీ తానమేంది అత్తమ్మా?"

"ఉక్కపోస్తున్నది."

చలికి పళ్ళు కటకటమంటుంటే ఉక్కపోతేమిటో కల్పన అడగలేదు. మన్విత ఉరికి రాబోతే భూదేవి గద్దించింది. "దగ్గరికి రాకు, తడిసున్న!" పిల్ల బిక్కమొహం వేసుకొని బొమ్మ దగ్గరికి పోయింది.

భూదేవి వరండాలో కూర్చుంది. చెబితే పిల్లను హైదరాబాద్ తీసుకుపోతారు, సూది పొడుస్తారు. తల్లి పక్కింట్లోనే కూర్చొని ఉంది, చూస్తూ ఊరుకుంటుందా? తనే అక్కడ వేపమండ కట్టించి, తన మనవరాలికి సూది పొడిపించడమా? చెప్పకుండా ఉంటే తల్లి ఇటు రాకుండా పోవచ్చు. ఎంతమంది పిల్లలకు రాలేదు, ఎంతమందికి వచ్చి పోలేదు! కొడుకు జయపాల్‌కు కూడా చిన్నప్పుడు పోసింది, ఒక్క గోలీ వేయకుండానే తగ్గింది.

అప్పుడామెకు బుచ్చి గుర్తొచ్చింది.

బుచ్చిది భూపాలపల్లి దిక్కు ఏదో ఊరు. ఆమె మనవడికీ మన్విత జబ్బే, దవాఖానలో పక్క మంచమే. మధ్యలో ఇంటికి పంపితే ఊళ్ళో వాడికి తల్లి పోసింది. వాళ్ళు ఎవరికీ చెప్పకుండా గోలీలు ఆపి, గడపకు వేపమండ కట్టి, తల్లి దిగిపోయేదాకా ఆగారు. దవాఖానకు తెచ్చేసరికి పిల్లాడికి ఊపిరి ఆడటం లేదు. వేరే గదిలో పెట్టారు. బుచ్చి ఏడుస్తుంటే భూదేవే కిందికి పోయి, ఆవరణలోని చెట్టు నుంచి ఒక మండ విరుచుకొచ్చి, నర్సు కంట పడకుండా ఆమె చేతిలో పెట్టింది. "దిండు కింద పెట్టు, తల్లి సల్లబడ్తది" అంది. రెండు రోజుల తర్వాత ఆ గది కడుగుతున్నారు. బయటికి ఊడ్చిన చెత్తలో ఆ వేపమండ కనబడింది.

తల్లి తీసుకుపోయిందని భూదేవి అప్పుడు మనసుకు చెప్పుకుంది. కలిసిన రోజే చెప్పి ఉంటే బతికేవాడని డాక్టరమ్మ అంది. ఆ రెండింటిలో ఏది నిజమో ఆమె ఇన్నాళ్ళూ తేల్చుకోలేదు. తేల్చుకోవాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు వచ్చింది. వాకిట్లో మన్విత బొమ్మకు ఉత్తుత్తి అన్నం తినిపిస్తూ, "చేతులు కడిగినవా లేదా?" అని అచ్చం నానమ్మ గొంతుతో బెదిరిస్తోంది. జీవితంలో ఎన్నడూ భూదేవి ఇంత భయపడలేదు.

"కల్పనా, ఇటు రా. నితిన్‌కు తల్లి పోసింది. ఐతారం మన పిల్ల వానితోని ఆడింది. ఒక్క గిన్నెల పేలాలు తిన్నరు. నేనే ఆడనిచ్చిన."

కల్పన చేతుల్లోంచి నురుగు కారుతోంది. "రెండు రోజులాయె. చెప్పకపోతివి అత్తమ్మా" అంది.

"గిప్పుడు చెప్తున్న గద! ముందు ఫోన్ చెయ్యి. తిట్టేదుంటే రైల్ల తిడుదువు."

అవతల డాక్టరమ్మ ఆలోచించడానికి కూడా ఆగలేదు. "పొక్కులు లేకపోయినా సరే, ఇవాళే బయల్దేరండి. ముందే వేసే సూది ఉంది. ఎంత తొందరగా వేస్తే అంత మంచిది."

కల్పన సంచి సర్దుతుంటే ఎల్లక్క గోడ దగ్గరికి వచ్చింది. ఫోను మాటలు ఆమె చెవిన పడ్డాయి. "చెప్పనంటివి గద వదినె! సూది పొడిపిస్తే తల్లికి కోపమొస్తది. గీ ముచ్చట మాకు నేర్పింది నువ్వే గద!"

భూదేవి గోడ దగ్గరికి నడిచింది.

"నేనే నేర్పిన" అంది. "ఏది నిజమో నాకెరుక లేదు వదినె. గని తెలుసుకునేతందుకు పిల్లను పణం పెట్టుడు నాతోటి కాదు. నువ్వు కూడ కోడలికి ఫోన్ చేసి చెప్పు. రావద్దను, నిండు మనిషి. దాస్తే ఎవలో ఒకలు చెప్తరు, గప్పుడు ఉరికస్తది."

రైల్లో కల్పన తిట్టలేదు. తిడితేనే బాగుండునని భూదేవికి అనిపించింది. దవాఖానలో రెండు తొడలకూ సూదులు వేస్తుంటే కాళ్ళు కల్పన పట్టుకుంది, చేతులు భూదేవి పట్టుకుంది. ఇంట్లో వేయడానికి ఇంకా కొన్ని గోలీలిచ్చి, నెల దాకా ఒళ్ళంతా కనిపెట్టి చూస్తుండమని, ఒక్క పొక్కు లేచినా తీసుకురమ్మని చెప్పి పంపారు.

ఆ గోలీలు చేదు. కల్పన చేత్తో ఇస్తే మన్విత ఉమ్మేసింది. భూదేవి బెల్లం ముక్క మధ్యలో పెట్టి ఇస్తే మింగింది. అలా ఆ పని భూదేవి మీద పడింది. గోడ అవతల గుమ్మానికి తను కట్టించిన వేపమండ ఎండుతుంటే, గోడ ఇవతల ఆమె పూటపూటకూ గోలీ మింగించింది. పొద్దున్నే పిల్లను ఎండలో నిలబెట్టి వీపు, చంకలు, చెవుల వెనక వెతికేది. ఒకరోజు మెడ మీద ఎర్రగా చిన్న బుడిపె కనబడితే అక్కడే కూలబడిపోయింది. మందు పని చేయలేదా, తల్లి కోపం చూపించిందా? ఏదైనా తన చేతుల మీదుగా జరిగినదే. కల్పన వచ్చి వేలితో నొక్కి చూసి, దోమ కుట్టిందని తేల్చింది. ఆనాడే మొదటిసారి అత్త భుజం మీద చెయ్యి వేసి లేపింది.

నెల గడిచింది. మన్వితకు ఏమీ రాలేదు. నితిన్ ఎప్పుడో లేచి ట్రాక్టరు నడుపుతున్నాడు. జనగామలో ఎల్లక్క కోడలు ఆడపిల్లను కన్నది. తల్లికి మొక్కు తీర్చుకోవడానికి పోచమ్మ గుడికి పోతూ ఎల్లక్క గోడ మీదుగా పిలిచింది. "ఇంకెన్ని రోజులు ముఖం తిప్పుకుంటం వదినె, నడువు."

భూదేవి సాక చెంబు, పసుపు, వేపాకు పళ్ళెంలో పెట్టుకొని, ఇంకేదో కొంగు కింద పట్టుకొని బయల్దేరింది. పోచమ్మ ముందు పళ్ళెం దించాక దాన్ని బయటికి తీసి వేపాకు పక్కన పెట్టింది. గోలీలన్నీ అయిపోయిన ఖాళీ అట్ట.

"గిదేంది వదినె, తల్లి ముందట!" అని ఎల్లక్క నోరు నొక్కుకుంది.

భూదేవి ఆమె వైపు చూడలేదు. "నేను దాచలే తల్లీ. సూది పొడిపిచ్చిన. గీ గోలీలన్నీ నా చేతులతోనే వేసిన. కోపమొస్తే నా మీదికి రా. పిల్లకు ఇంకా ఏడాది మందులున్నయి. దాని దిక్కు రాకు."

ఎల్లక్క ఆ అట్టను చాలాసేపు చూసింది. గుళ్ళో ఇంకెవరూ లేరు. "నేను కూడ వేసిన వదినె" అంది మెల్లగా. "నితిన్‌గాడు జరంతోని కలవరిస్తుంటే చూడలేకపోయిన. షాపుల జరం గోలీ అడిగి కొంగుల కట్టుకొని తెచ్చిన. భయానికి చెప్పలే."

"తల్లి ఏమంటదనా?"

"తల్లి ఏమంటది వదినె, ఆమె కూడ తల్లే గద! నువ్వేమంటవో అని."

భూదేవి సాక చెంబు చేతిలోకి తీసుకుంది గానీ పోయలేకపోయింది. తను ఇచ్చిన మండను దిండు కింద పెడుతున్న బుచ్చి చేతులు కళ్ళ ముందు కదిలాయి. చెంబు ఎల్లక్కకు అందించింది.

"నువ్వు పొయ్యి. ఇయ్యాల నా చేతులతోని వద్దు."