ఇరవై నాలుగు గంటల పాత జవాబు

ఆసుపత్రి మూడో అంతస్తు చివర, కిటికీ లేని గదిలో నా ఉద్యోగం. ఎన్ని మంచాలు ఖాళీగా ఉన్నాయి, స్టోర్‌లో ఎన్ని సెలైన్ సీసాలు మిగిలాయి లాంటి లెక్కలన్నీ రిపోర్టులుగా చూపించే సర్వర్‌ను కనిపెట్టుకుని ఉండాలి. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే. గోడలకు రంగులేసే అన్నయ్య ఒకసారి ఫోన్‌లో అడిగాడు.

"అసలు అక్కడ ఏం చేస్తావురా?"

"ఒకరు అడిగిన లెక్క ఇంకొకరు అడిగితే సర్వర్ మళ్ళీ మొదట్నించీ వెతుకుతోంది అన్నయ్యా. అలా వెతక్కుండా మొదటి జవాబే దాచిపెట్టి చూపించేలా చేస్తున్నా. దాన్ని క్యాషింగ్ అంటారు."

"చెప్పిందే చెప్పడానికి జీతం ఇస్తారా! మీ వదినను పంపిస్తా, ఉద్యోగం ఇప్పించు."

ఆ రోజుల్లో నాతో మనసు విప్పి మాట్లాడింది అన్నయ్య ఒక్కడే.

నిజానికి ఇంకొకావిడ కూడా ఉండేది. నేలమాళిగలోని మందుల స్టోర్ ఇన్‌చార్జి. ముఖం చూడలేదు, గొంతే తెలుసు. రోజూ తొమ్మిదిన్నరకు ఫోన్ చేసేది. "బాబూ, నీ రిపోర్టు ఇంకా తిరుగుతూనే ఉంది. ఈలోపు ఇంటికెళ్ళి అన్నం వండుకుని వచ్చేదాన్ని" అనేది. తిట్టే అయినా నా కోసం వచ్చే తిట్టు.

క్యాషింగ్ పెట్టాక రిపోర్టులన్నీ రెప్పపాటులో తెరుచుకున్నాయి. దాచిన జవాబు ఎంతసేపు పనికొస్తుందో చెప్పే గడిలో ఇరవై నాలుగు గంటలు అని రాశాను. అన్ని రిపోర్టులకూ అదే. ఉదయం ఏడింటికి నేనే ఒకసారి అన్నీ తెరిచి జవాబులు సిద్ధం చేసేవాణ్ణి. 'ఈ లెక్క ఎప్పటిది' అని పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో కనిపించేది. చూడ్డానికి బాగాలేదని మేనేజర్ గారు అంటే అదీ తీసేశాను. ఆయన భుజం తట్టారు. ఆ తర్వాత ఫోన్ మోగలేదు. పన్నెండు రోజులు భోజనం బల్ల దగ్గర కూడా ఒక్కణ్ణే కూర్చున్నాను.

పదమూడో రోజు మధ్యాహ్నం ఒక పెద్దావిడ గది తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో కాగితం.

"నువ్వేనా బాబూ? గొంతు విని మీసాలున్నవాడివనుకున్నా."

గొంతు గుర్తుపట్టి లేచి నిలబడ్డాను. కాగితం చూశాను. ఉద్యోగం మానేసేవాళ్ళు అన్ని విభాగాల్లోనూ సంతకాలు తీసుకునే ఫారం. లాగిన్ రద్దు చేస్తున్నట్టు నేను సంతకం పెట్టాలి. అదొక్కటే మిగిలింది.

"ఎందుకమ్మా, ఇందులో చూస్తే ఇంకా నాలుగేళ్ళ సర్వీసు ఉందిగా?"

ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది. "నా తల పనిచేయట్లేదు నాయనా. వార్డుకు సీసాలిచ్చి ఎంటర్ చేస్తాను. స్క్రీన్ మీద లెక్క తగ్గదు. చేయలేదేమోనని మళ్ళీ ఎంటర్ చేస్తాను. మర్నాడు చూస్తే లెక్క సగానికి పడిపోయి ఉంటుంది, అలమారలో సీసాలేమో ఉంటాయి. నర్సులందరి ముందూ అడిగారు, మతిమరుపా అని. మా అక్కకీ ఇలాగే మొదలైంది. చివరికి నన్నే ఎవరని అడిగింది."

పెన్ను చేతిలోనే ఉంది. సంతకం పెడితే ఎవరికీ ఏమీ తెలియదు. వచ్చే వారం నా ఉద్యోగం పర్మినెంటు కావాలి.

పెన్ను కింద పెట్టి, స్క్రీన్ ఆవిడ వైపు తిప్పాను. ఆ గడి చూపించాను.

"మీ తల బాగానే ఉందమ్మా. మీరు మధ్యాహ్నం చూసింది పొద్దున ఏడింటి లెక్క. తప్పు నాది."

ఆవిడ ముందుకు వంగి ఆ గడిలోని అంకె చదివింది. నేను తిట్లకు సిద్ధపడ్డాను.

"పన్నెండు రోజులు," అంది ఫారం నాలుగు మడతలు పెడుతూ. "ఇంట్లో కూడా చెప్పుకోలేదు. నాకు చెప్పి ఊరుకోకు బాబూ. నన్ను అందరి ముందే అన్నారు."

అందరికీ పంపే మెయిల్ రాసి మేనేజర్ గారికి చూపించాను. "నెట్‌వర్క్ సమస్య అని రాయి, సరిపోతుంది. నీకెందుకు లేనిపోనిది?" అన్నారు. సరిపోదండీ అని, రాసింది రాసినట్టే పంపాను. 'స్టోర్ లెక్కల్లో తేడాకు కారణం ఇన్‌చార్జి గారు కాదు, నేను పెట్టిన సెట్టింగ్.' నా ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగించారు. నర్సుల దగ్గర్నుంచి ఒక్క జవాబూ రాలేదు.

స్టోర్, మంచాల రిపోర్టులకు క్యాషింగ్ తీసేసి, మర్నాడు నేలమాళిగకు దిగాను. రెండుసార్లు పడిన ఎంట్రీలన్నీ ఆవిడా నేనూ కూర్చుని ఏరి తీసేసరికి భోజనాల వేళ దాటింది. తర్వాత అలమార దగ్గర సీసాలు లెక్కపెట్టింది. రెండు వందల పదమూడు. స్క్రీన్ మీదా రెండు వందల పదమూడే.

"సరిపోయిందమ్మా" అన్నాను.

"ఆఁ, సరిపోయింది" అంది. అని, మొదటి సీసా మీద వేలు పెట్టి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.