గంట బంద్

"అన్నా, గంట బందైంది! పొద్దూకినంక వస్త."

రాయమల్లు చెవిన పడ్డది ఇంతే. వీపు మీద మక్కల బస్తా, చెవికీ భుజానికీ మధ్య ఫోను, పక్కన వెనక్కి వస్తూ కూతపెడుతున్న లారీ. మాట్లాడినవాడు శ్యాంసుందర్, సుబేదారిలో ఆఫీసున్న ఒక సేవాసంస్థ ఉద్యోగి. బస్తా దించి తిరిగి చేస్తే ఫోను కలవలేదు.

వరంగల్లు పేరులో వరముంది గానీ, గట్టి వాన పడితే నాలా పక్క బస్తీలో అది కాస్తా గల్లంతే. ఒక ఏడు నీళ్లు మంచాలెక్కాక, ఎవరో దూరదేశపు దాతల సొమ్ముతో ఈ సంస్థ దిగింది. బస్తీలో రాయమల్లుతో కలిపి ఆరుగురిని వాలంటీర్లను చేసింది. వానరాత్రుల్లో వంతులవారీగా వంతెన దగ్గర కూర్చోవాలి. నీరు ఎర్రగీత దాటితే ఇత్తడి గంట కొట్టాలి. తన వంతు కాని రాత్రి రాయమల్లుకు నిద్ర. పగలంతా బస్తాలు మోసే యాభై దాటిన ఒంటికి ఆ నిద్రే అసలు కూలి. ఎక్కడ వాలితే అక్కడే గురకపెట్టే మనిషిని వాలంటీరనడంలో న్యాయముంది.

వాళ్లిచ్చిన నారింజరంగు జాకెట్టు చూసి భార్య అనసూయ, "నాకో జాకెట్టు కుట్టియ్యమంటె నువ్వే తొడుక్కొచ్చినవా?" అని మొత్తుకుంది.

మధ్యాహ్నం అన్నం మానుకుని రాయమల్లు వంతెన దగ్గరి స్తంభమెక్కాడు. గంటకు పగులు లేదు, నాలుక బాగానే ఊగుతోంది. కొట్టి చూద్దామంటే వీల్లేదు. ఒక్క దెబ్బ మోగిందంటే బస్తీకి బస్తీ పిల్లల్ని చంకనేసుకుని మెరక మీదికి పరుగెత్తుతుంది. అందుకని నాలుకకు తన తువ్వాల చుట్టి, కొక్కేనికి ఆముదం పూసి, నట్లన్నీ పళ్లు బిగబట్టి బిగించాడు. రోగమేదో తెలియకుండానే వైద్యం ముగించి, గంట కోసం గంటన్నర పోగొట్టుకుని దిగాడు.

మనసులో గుబులంతా ఇమాంబీ గురించే. ఆమె రేకుల ఇల్లు అందరికన్నా పల్లంలో ఉంది. ఒంటరి ముసలమ్మ. ఫోను వినబడదు, తలుపు బాదినా వినబడదు. గంట మోత మాత్రం ఎముకల్లోకి దిగి లేపుతుందంటుంది.

"అవ్వా, గంట ఖరాబైంది!" అని ఆమె చెవిలో అరిచాడు.

"పంట ఖరాబైందా? మనకేడిది బేటా, పంట?"

"గంట, గంట!" చేత్తో కొట్టి చూపాడు.

ఇమాంబీ బోసినవ్వు ఆగిపోయింది. "అట్లయితె రాత్రి నన్నెవరు లేపుతరు?"

పొద్దూకాక శ్యాంసుందర్ ట్రాలీ ఆటోలో వచ్చాడు.

"గంట మంచిగ చేసిన తమ్మీ," అన్నాడు రాయమల్లు.

"గంటకేమైందన్నా?"

"బందైందని నువ్వే అంటివి గద!"

"గంట కాదే అన్నా, గ్రాంటు! గ్రాంటు బందైంది. పైసలిచ్చేటోళ్లు ఇగ ఇయ్యం అన్నరు. సామానంత వాపస్ ఇయ్యాలె."

మూగిన జనం పడీపడీ నవ్వారు. మిగిలిన ఐదుగురూ జాకెట్లు మడిచి ఆటోలో పడేసి, "ఇగ మన డ్యూటీ ఖతం" అంటూ ఎవరిళ్లకు వాళ్లు పోయారు. వంతులు పోయాయి, వంతెన మిగిలింది.

రాయమల్లే మళ్లీ స్తంభమెక్కాడు. తాను బిగించిన నట్లు తననే ఏడిపించాయి. నాలుకకు చుట్టిన తువ్వాల విప్పకపోవడంతో గంట కిక్కురుమనకుండా ఆటో ఎక్కి, కిక్కురుమనకుండా వెళ్లిపోయింది.

"ఏంది, అందరు నవ్వుతాన్రు?" ఇంకా నవ్వుతున్న ఆడవాళ్ల దగ్గరికి ఇమాంబీ కర్ర ఊతంగా వచ్చింది.

"గంట మంచిగనే ఉండె అవ్వా!" ఆడవాళ్లంతా ఒక్క గొంతుతో అరిచారు. "గ్రాంటు బందైందంటె, రాయమల్లు గంట అని ఇన్నడు!"

"అయితె నాకంటె ఈనికే చెవుడు ఎక్కువున్నది," అందామె. తరువాత ఖాళీ స్తంభం వైపు చూసి, "మరి నేనో?" అంది.

"గడియ పెట్టకు అవ్వా. నీళ్లొస్తె లోపటికొచ్చి నేనే లేపుత." రాయమల్లు ఆమె చెవిలో అరిచాడు.

"వానొచ్చినప్పుడల్ల నువ్వొక్కనివే కూసుంటవా బేటా?"

రాయమల్లు ఆవులించాడు. ఎందుకూ పనికిరాదని శ్యాంసుందర్ వదిలేసిపోయిన సంస్థ ఫ్లెక్సీని స్తంభం మొదట్లోంచి తీసి, ఇమాంబీ రేకుల చిల్లి మీద పరిచి, నాలుగు రాళ్లు పెట్టాడు. 'ఆపదలో మీ వెంటే' అన్న పెద్దపెద్ద అక్షరాల మీద తొలి చినుకులు టపటపా మోగసాగాయి.