సగం కుర్చీలు

ఆ వీధిలో ఆమెను అందరూ కుర్చీలమ్మ అనేవారు. ఆమె గీసినవి కుర్చీలు మాత్రమే కాదు. దీపాలు, తలుపులు, మెట్లు గీసింది. ఒకసారి ఒక గ్రంథాలయాన్నే గీసింది, కిటికీ గూళ్లలో కాళ్లు ముడుచుకుని కూర్చుని చదువుకునేలా. కానీ మొదట పేరు తెచ్చింది కుర్చీ కాబట్టి ఆ పేరే నిలిచిపోయింది. వెనక్కి వాలితే వీపు వెనకున్న పలుచని చెక్క రేకులు విచ్చుకుని, వాటి సందుల్లోంచి వెలుతురు పారే కుర్చీ అది. వాలినవాడు లేవగానే రేకులు మూసుకుని లోపలి దీపం ఆరిపోతుంది.

ఆ బొమ్మ పట్టుకుని ఆమె ఎక్కని వడ్రంగి గడప లేదు. ఇది కాగితం మీద నిలబడుతుందేమోగానీ నేల మీద నిలబడదని అందరూ నవ్వి పంపారు. ఒక్కడు మాత్రం దాన్ని గోడకు అంటించుకుని చాలాసేపు చూసి, "నిలబడుద్ది. కాకపోతే చేసినన్నాళ్లూ నువ్వు పక్కనుండాలి" అన్నాడు. అలా పక్కనుండడమే పెళ్లి దాకా వచ్చింది.

పెళ్లయ్యాక కూడా ఆమె అతన్ని మేస్త్రీ అనే పిలిచేది.

"గీత నాది, కోత నీది" అనేది వచ్చినవాళ్లతో.

"కోతలు కోసేది మాత్రం తనే" అనేవాడతను.

ఇల్లూ పనిచోటూ ఒకటే. కింద రంపాలు, చిత్రికలు, గోడలకు ఆనించిన పలకలు. పైన వీధి వైపు కిటికీ దగ్గర ఆమె బల్ల. పిల్లలు లేరు. పోట్లాటలు బోలెడు. "ఈ కాలు ఇంత సన్నగా పెడితే విరుగుద్దే" అని అతను కింద నుంచి అరిస్తే, "విరగనీ, ఎక్కడ విరుగుద్దో చూద్దాం" అని ఆమె పై నుంచి అరిచేది. విరిగేది. విరిగినచోట ఆమె ఇంకో గీత గీసేది. ఆమె గీసిన దాన్ని అతను ఒక్క వెంట్రుకవాసి కూడా మార్చేవాడు కాదు. వాళ్ల కాపురంలో ఒట్టు వేసుకున్న మాటంటూ ఉంటే అదొక్కటే.

ఒక ఉదయం పెన్సిల్ చెక్కుకుంటూ ఆమె కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయింది. మెదడులో కుడివైపు రక్తం గడ్డకట్టిందన్నారు. ప్రాణం దక్కింది. ఎడమ చెయ్యి బరువెక్కింది, కాలు కొంచెం ఈడ్చేది. మాట మాత్రం చెక్కుచెదరలేదు. ఆస్పత్రి మంచం మీద కళ్లు తెరిచి ఆమె అన్న మొదటి మాట, "ఈ మంచం గీసినవాడెవడో జన్మలో పడుకుని ఉండడు." మేస్త్రి నవ్వి, మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. గండం గడిచిందనుకున్నాడు.

ఇంటికొచ్చాక ఆమె పళ్లెంలో సగమే తినేది. సహించడం లేదేమో అనుకున్నాడు. చూడడానికి వచ్చిన ఆమె చెల్లెలు, బడిలో లెక్కలు చెప్పే మనిషి, పట్టేసింది.

"బావా, ఆ పళ్లెం ఒకసారి ఇటు తిప్పు."

తిప్పాడు. "ఇదెప్పుడు వడ్డించావు?" అంటూ కుర్చీలమ్మ మిగతా సగం కూడా ఆవురావురుమని తినేసింది. చెల్లెలు పకపకా నవ్వింది. నవ్వు ఆగకముందే లేచి వంటింట్లోకి పోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

డాక్టరు వివరంగా చెప్పాడు. కన్ను బాగానే ఉంది. ఎడమ అనేది ఒకటుందన్న సంగతే మెదడు మరిచిపోయింది. "ఆవిడకు ఏదో కనపడటం లేదని అనిపించదు. అంతా కనపడుతోందనే అనిపిస్తుంది. మీరు కాదంటే మీకే మతి పోయిందనుకుంటారు. వాదించకండి."

ఆమె తల కుడివైపే దువ్వుకునేది. పుస్తకంలో ప్రతి వాక్యం మధ్యలోంచి చదివి, "ఈ మధ్య ఎవరికీ రాయడం రావట్లేదు" అని విసుక్కునేది. ఆ తర్వాత ఒకరోజు కర్ర సాయంతో మేడెక్కి బల్ల ముందు కూర్చుంది.

మేస్త్రి మెట్ల మీద నిలబడి చూశాడు. కాగితం కుడివైపున ఒక కుర్చీ పుట్టింది. ఒక చేయి, రెండు కాళ్లు, వీపులో సగం. సరిగ్గా నడుమ దాకా వచ్చి గీత ఆగిపోయింది. ఆమె పెన్సిల్ పక్కన పెట్టి, "అయింది, తీసుకుపో" అంది.

అతను దాన్ని కిందికి తెచ్చాడు. గీత ఆగినచోట ఒక అద్దం నిలబెట్టి, అందులో కనిపించిన సగాన్ని కొలుచుకుని, పూర్తి కుర్చీ చేశాడు. ఆమె దిగొచ్చి కుర్చీ కుడి చేతిని తడిమి, "బాగా వచ్చింది మేస్త్రీ" అంది. అలా మరొకటి, ఇంకొకటి చేశాడు. ఒక బల్ల, ఒక నిలువు దీపం కూడా. చేస్తున్నకొద్దీ అతనికి ఒక సంగతి తెలిసొచ్చి గుబులు పుట్టింది. ఆమె ఇంత బాగా ఎన్నడూ గీయలేదు. ఇదివరకటి గీతల్లో ఆలోచన ఉండేది, ఇప్పుడు గాలి ఉంది. అద్దంలోంచి తెచ్చి అతికించిన సగం మాత్రం చచ్చిన కొయ్య.

ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

వాళ్ల పనులను ప్రదర్శనకు పెట్టే గ్యాలరీ ఆవిడ పరామర్శకు వచ్చింది. మంచం దగ్గర కూర్చుని నాలుగు మంచి మాటలు చెప్పి, వెళ్తూ వెళ్తూ బల్ల మీది కాగితాల దగ్గర ఆగిపోయింది. ఒక్కొక్కటీ ఎత్తి కిటికీ వెలుతురులో పట్టుకుని చూసింది. కిందికొచ్చి మేస్త్రి చేసినవాటిని కూడా చూసింది.

"మాస్టారూ, ఇవి కాదు నాక్కావలసింది. ఆవిడ గీసినట్టే చేసినవి కావాలి. ఉన్నవి ఉన్నట్టు."

"అది జబ్బండీ" అన్నాడతను. "తను సగం గీస్తున్నట్టు తనకి తెలీదు."

ఆవిడ చెడ్డ మనిషి కాదు. "జబ్బే కావచ్చు. కానీ ఆ గీతలో అబద్ధం లేదు. ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను, ఇలాంటిది నాకు ఎవరూ చూపించలేదు."

పై నుంచి కుర్చీలమ్మ గొంతు వినిపించింది. "ఏంటట మేస్త్రీ? ఉన్నవి ఉన్నట్టు చేయమంటున్నారు, అంతేగా? దానికి అంత గుసగుసలెందుకు?"

ఆ సాయంత్రం అతను డాక్టరు మాట జవదాటాడు. కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టి, "నువ్వు సగమే గీశావు. మిగతాది నేను కలిపాను" అన్నాడు.

ఆమె కాగితాన్ని చూసింది. అతన్ని చూసింది. మొహం పాలిపోయింది.

"నా గీతకి నువ్వు కలిపావా?"

"కలపకపోతే నిలబడదే."

"ఇన్నేళ్లలో ఒక్క గీత మార్చలేదు. ఇప్పుడు నేను పడ్డాక మారుస్తున్నావు. చెయ్యి పడిపోయింది, బుర్ర కూడా పోయిందనుకున్నావు. అంతేనా?"

"అది కాదే..."

"నా కుర్చీ నాకివ్వు మేస్త్రీ. నేను గీసినట్టు చెయ్యి. చేతకాకపోతే ఇంకెవరికైనా ఇస్తా."

అతను నచ్చజెప్పాడు, బతిమాలాడు, ఆమె చేతిని పట్టుకుని కాగితం ఎడమవైపు పెట్టాడు. ఆమె చెయ్యి లాక్కుంది. నాలుగు రోజులు అతనితో మాట్లాడలేదు. చెల్లెలే మధ్యన పడి, "తను అడిగినట్టే చేసేయ్ బావా, దానికున్న సంతోషం అదొక్కటే" అంది.

చేశాడు. సగం కుర్చీ నిలబడడానికి ఇనుప పలకను అడుగున దాచాడు. నడుమ కోత దగ్గర చెక్కను అద్దంలా నునుపు చేశాడు. సగం బల్లను గాల్లోకి చాచి వదిలేశాడు. దీపం గొడుగు సగమే ఉండటంతో గదిలో ఒక పక్క వెలుతురు, ఒక పక్క చీకటి. అంత మంచి పని అతను కూడా ఎన్నడూ చేయలేదు. చేస్తున్నంతసేపూ ఎవరి శరీరాన్నో నిలువునా కోస్తున్నట్టే ఉంది.

ప్రదర్శన మొదటి రోజున జనం కిక్కిరిసిపోయారు. కట్టడాలు కట్టేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు, హోటళ్లవాళ్లు. కుర్చీలమ్మ మంచి చీర కట్టుకుని, చెల్లెలు వేసిన జడతో, గది మధ్యలో కూర్చుంది. మొహం వెలిగిపోతోంది. ఒక పత్రికావిడ వంగి అడిగింది.

"అన్నిటినీ సగంలో ఎందుకు ఆపేశారండీ?"

ఆమె ఆశ్చర్యపోయింది. చుట్టూ చూసింది. నవ్వింది.

"ఏది సగం?"

చప్పట్లు మోగాయి. గోడలు దద్దరిల్లేలా కొట్టారు. ఎంత లోతైన జవాబు, ఎంత క్లుప్తంగా చెప్పిందో అని ఒకరికొకరు చెప్పుకున్నారు. మర్నాడు పత్రికలో ఆ రెండు మాటలే పతాకశీర్షిక. మేస్త్రి ఒక స్తంభం చాటుకు వెళ్లి నిలబడ్డాడు. చెల్లెలు వచ్చి అతని మోచేయి పట్టుకుంది.

ఒక పెద్ద హోటలు వాళ్లు అన్నిటినీ తీసుకుపోయి తమ ముందు హాల్లో పెట్టుకున్నారు.

ఆ తర్వాతే ఆమెకు నయమవసాగింది. వ్యాయామం చేయించే ఒక పెద్దావిడ వారం వారం వచ్చేది. కాగితం ఎడమ అంచున, పళ్లెం ఎడమ అంచున ఎర్ర పట్టీ అంటించి, అది కనపడేదాకా తల తిప్పమనేది. తిప్పి తిప్పి మెడ నొప్పెట్టేది. నెలలు గడిచాయి. ఒకరోజు భోజనం దగ్గర ఆమె తనంతట తానే తల తిప్పి, పళ్లెమంతా ఊడ్చినట్టు తినేసింది. మేస్త్రికి కాలు నేల మీద ఆగలేదు. చెల్లెలికి ఫోన్ చేసి, "తినేసింది! ఒక్క మెతుకు వదల్లేదు!" అని పసిపిల్ల తండ్రిలా అరిచాడు.

"ఇక నా కుర్చీలు చూసొద్దాం పద" అంది కుర్చీలమ్మ.

వద్దనడానికి అతనికి సాకు దొరకలేదు. లోలోపల, చూసినా పర్వాలేదేమో, సంతోషిస్తుందేమో అనే ఆశ కూడా ఉంది.

హోటలు హాల్లో మధ్యాహ్నపు ఎండ. ఆమె మొదటి కుర్చీ దగ్గరికి వెళ్లి దాని చేతిని నిమిరింది. నేర్చుకున్న అలవాటు ప్రకారం తల మెల్లగా ఎడమకు తిప్పింది. ఇంకా తిప్పింది. కుర్చీ అయిపోయింది, తల మాత్రం తిరుగుతూనే ఉంది.

"దీన్నెవరు కోసేశారు?"



ఆమె కర్ర టకటకలాడిస్తూ బల్ల దగ్గరికి, దీపం దగ్గరికి పోయింది. ఒక్కోదాని దగ్గర తల తిప్పింది. తిరిగొచ్చింది.

"మిగతావి ఏవి మేస్త్రీ?"

"నువ్వు గీయలేదు."

ఆమె అక్కడున్న మామూలు సోఫాలో కూలబడింది. "ఆ రోజు... నేనేదో అన్నాను. అందరూ నవ్వారా?" అంది.

"లేదు. చప్పట్లు కొట్టారు."

"నవ్వినా బాగుండేది."

మర్నాటి నుంచి పూర్తి కుర్చీలు గీయడం మొదలుపెట్టింది. కాగితం మీద అటూ ఇటూ తల తిప్పుకుంటూ, ఎడమ కాలు ఉందా లేదా అని పదేపదే చూసుకుంటూ గీసేది. అన్నీ ఉండేవి. నాలుగు కాళ్లు, రెండు చేతులు. పెళ్లిచూపులకు కూర్చోబెట్టిన పిల్లల్లా బిగుసుకుపోయి ఉండేవి. గ్యాలరీ ఆవిడ వచ్చి వాటిని నిదానంగా చూసింది.

"బాగున్నాయి."

ఆ మాట ఎలాంటిదో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. "ఈసారికి మాత్రం పాతవాటి కోవలో ఏదైనా ఉంటే..." అని ఆవిడ నసిగి, కాఫీ తాగకుండానే వెళ్లిపోయింది.

కుర్చీలమ్మ ఆ పని కూడా చేసి చూసింది. కాగితం ఎడమ సగాన్ని ఒక అట్టతో మూసి, మిగతా సగంలో గీసింది. గీత నడుమ దాకా వచ్చేసరికి, ఇక్కడ ఆగాలి అని తెలిసి ఆగేది. దొంగతనం చేసేవాడి చెయ్యిలా వణికేది. అలాంటివి ఎన్నో గీసి ఎన్నో చించింది.

"మేస్త్రీ, ఒకసారి పైకి రా" అని పిలిచింది ఒక మధ్యాహ్నం. అతను రంపపు పొట్టు దులుపుకుంటూ వెళ్లాడు. ఇటీవలి బొమ్మలు బల్ల మీద పరిచి ఉన్నాయి.

"నువ్వు నాతో ఎప్పుడూ అబద్ధమాడలేదు. అందుకే అడుగుతున్నా. ఆ సగం కుర్చీలు నిజంగా బాగున్నాయా, జాలిపడి చప్పట్లు కొట్టారా?"

జాలి అనేస్తే సరిపోయేది. కానీ చెక్క దగ్గర అతనికి అబద్ధం చెప్పడం రాదు.

"బాగున్నాయి. నువ్వు గీసినవాటన్నిటిలోకీ అవే..."

"మరి ఇవి?"

అతను ఒక బొమ్మ ఎత్తి చూసి, మళ్లీ బల్ల మీద పెట్టేశాడు.

ఆమె తల ఊపింది. బొమ్మలన్నిటినీ ఒక చేత్తో దొంతి పేర్చి, అంచులు సరిచేసింది.

"అందరూ జబ్బు నయమైందంటున్నారు. నాకు జబ్బే నయం మేస్త్రీ."

అతను దగ్గరికి పోబోయాడు. "ఇప్పుడొద్దు" అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని అతను ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

ఆ రోజుతో ఆమె గీయడం మానేసింది. చెల్లెలు వచ్చి తిట్టింది, బతిమాలింది, బడి పిల్లలకు బొమ్మలు నేర్పమని పిలిచింది. "ఏం నేర్పను? రేపు మీకూ ఏదైనా రోగం రావాలని దీవించనా?" అంది కుర్చీలమ్మ. చెల్లెలు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. బల్లను గోడ వైపు జరిపి దాని మీద ఉతికిన బట్టలు మడతపెట్టి పెట్టడం మొదలైంది.

మేస్త్రి మామూలు పనులు ఒప్పుకున్నాడు. తలుపులు, అలమరాలు, మంచాలు. ఆమె కింద స్టూలు మీద కూర్చుని, పనిచేసే చేత్తో పాలిష్ గుడ్డ రుద్దేది. పని శుభ్రంగా చేసేది. అవసరమైన మాటలే మాట్లాడేది.

ఒకరోజు కొత్తగా పెళ్లయిన జంట ఒకటి మంచం కావాలని వచ్చింది. ఫోన్లో ఒక బొమ్మ చూపించారు. బజారులో ఎక్కడ చూసినా కనపడేదే, మందపాటి కాళ్లు, తలవైపు చదరపు పలక. అమ్మాయి మొహమాటపడుతూ, "ఇంకాస్త వేరేగా ఏమన్నా చేయొచ్చాండీ?" అంది.

మేస్త్రి కొలత టేపు చేతిలో పట్టుకుని భార్య వైపు చూశాడు. అమ్మాయి కూడా అటే చూసింది. కుర్చీలమ్మ ఫోన్ అందుకుంది. తల అటు నుంచి ఇటు తిప్పి బొమ్మంతా చూసింది. ఆమె వేలు ఆ చదరపు పలక మీద ఆగింది.

"ఇది చాలమ్మా" అని ఫోన్ తిరిగిచ్చేసింది. "గట్టిగా ఉంటుంది."

మేస్త్రి కొలతలు రాసుకుని, పలక తీసి, రంపం ఆన్ చేశాడు.