పొదల మీద వేసిన నింద

గొర్రెల షెడ్డు తలుపు తీయగానే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తొట్లన్నీ నాకేసినట్టు ఖాళీగా ఉన్నాయి. ఎండుగడ్డి పరక లేదు. తన పరిశోధన కోసం పెంచుకుంటున్న ఆడగొర్రెలు ఒకదాని మీద ఒకటి పడి అరుస్తున్నాయి.

"నిన్న మేతకు తోలలేదా?" అని కాపలాదారును నిలదీసింది.

"డైరెక్టరుగారు వద్దన్నారమ్మా. ఇవాళ పెద్దవాళ్ళొస్తున్నారుగా. ఆకలి మీదుంటే కొత్త దాణా మీద ఎగబడతాయంట. చూడ్డానికి బాగుంటుందంట."

ఆ గొర్రెల పరిశోధన కేంద్రం డైరెక్టరు ఆమెకు బావ, సొంత అక్క భర్త. గింజల పిండితో తను తయారు చేయించిన గుళికల దాణాను పై అధికారులకు చూపించడానికే ఆ రోజు హడావిడి పెట్టాడు. ఆమె పని వేరు. వానల్లేని నెలల్లో బయట బీడు మీద గొర్రెలు ఏ పొద ఆకు తిని ప్రాణం నిలుపుకుంటున్నాయో వాటి వెంట తిరిగి తెలుసుకుంటుంది. చుట్టుపక్కల కాపరుల మందలకూ ఆ బీడే ఆధారం.

ఆమె విసవిసా నడిచి బావ గదిలోకి వెళ్ళింది.

"ఖాళీ కడుపులో గింజల దాణా ఒక్కసారిగా పడితే లోపల పులిసిపోతుంది సార్. చచ్చిపోతాయి."

"ఆఫీసులో సార్ అంటూ తిడతావు, ఇంట్లో బావా అంటూ తిడతావు. నాకు సెలవెప్పుడే తల్లీ?" అని నవ్వాడతను. "సరే, ముందు గడ్డి వేయిస్తాను. దాణా తలా గుప్పెడే. నువ్వెళ్ళి హాల్లో నీ పొదల గురించి చెప్పు. అందరూ కూర్చుని ఉన్నారు."

ఆమె నమ్మింది. హాల్లో ఆమె మాట్లాడటం అయ్యాక అతిథులు షెడ్డు వైపు వెళ్ళారు. ఎవరో అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతూ ఆమె హాల్లోనే ఉండిపోయింది. బయట చప్పట్లు వినిపించాయి. పరుగెత్తుకెళ్ళి చూస్తే ఒక్కో అతిథీ ఫోటో కోసం బుట్టెడు దాణా తొట్టిలో కుమ్మరిస్తున్నాడు. బుట్టలు అందిస్తున్నది బావే. గడ్డి జాడ లేదు. ఆమె తొట్లు లాగి బోర్లించేలోపే గొర్రెలు కడుపుల నిండా మింగేశాయి.

సాయంత్రానికి ఒక్కొక్కటీ కూలబడసాగాయి. పశువుల డాక్టరు వంటసోడా కలిపిన నీళ్ళు గొంతుల్లో పోస్తూనే ఉన్నాడు. తెల్లారేసరికి సగం మంద పోయింది. మందలో అన్నిటికంటే ముందు నడుస్తూ, ఆమె కాస్త ఆగితే వెనక్కొచ్చి జేబులో మూతి పెట్టే దొరసాని అనే గొర్రె కూడా కాళ్ళు చాపేసి పడి ఉంది.

బావ వచ్చి చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "బీడు మీద విషపు ఆకేదో తిన్నాయని చెబుతాను. అక్కడ కంచె వేయించేస్తే పీడా విరగడవుతుంది."

"మొన్నటి నుంచి అవి షెడ్డు గడపే దాటలేదు!"

"ఆ సంగతి నీకూ నాకూ ఆ కాపలావాడికీ తప్ప ఎవరికి తెలుసు?"

ఆమె గిరుక్కున వెనుదిరిగింది. గొర్రెల్ని చంపింది చాలక, ఆ నింద పొదల మీద వేసి కాపరుల నోటి దగ్గర కూడు లాగేస్తాడా?

ఆవరణ చివర ఉన్న ఇంట్లో అక్క అప్పటికే ఏడుస్తోంది. "ఆయన ఉద్యోగం పోతే నా పిల్లలేమైపోవాలే?"

"కాపరులకు పిల్లలు లేరా అక్కా?"

"వాళ్ళు నీకేమవుతారు? నేను నీ తోడబుట్టినదాన్ని."

"అందుకే నిజం అందరి ముందూ పెట్టేలోపు నీకు చెప్పడానికొచ్చాను" అని గడప దిగింది.

అతిథులు ఇంకా వెళ్ళలేదు. వాళ్ళను వసతి గృహం నుంచి వెంటబెట్టుకొచ్చింది. కాపరులకూ కబురు పెట్టింది. షెడ్డు ముందు ఎండలో దొరసాని కళేబరం పక్కన డాక్టరు కత్తి పట్టుకుని కూర్చున్నాడు.

"వాసనొస్తోంది, లోపలికి పదండి" అని బావ అతిథులను తొందరపెట్టాడు.

"నిన్న దగ్గరుండి పోయించారు కదా సార్. ఇవాళ దగ్గరుండి చూడండి."

"నువ్వు ఇంటికి రా, మాట్లాడుకుందాం."

"ఇక్కడ మీరు నాకు బావ కాదు."

డాక్టరు పొట్ట కోశాడు. పుల్లటి కంపు గుప్పున కొట్టింది. లోపల పిండిపిండిగా తెల్లటి జావ, అందులో ఇంకా అరగని గుళికలు. ఒక్క ఆకు ముక్క లేదు. నిన్న అందరికంటే ఎక్కువ పోసినాయన రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని తల తిప్పుకున్నాడు.

కాపరుల్లో ఒక ముసలామె బావ ముఖంలోకి చూసింది. "దీన్ని మా బీడు మీదికి తోసేద్దామనుకున్నావా అయ్యా?"

అతను అతిథుల వెనక్కి జరిగాడు.

కంచె మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బావను ఏమీ అనలేదు కూడా. వేరే ఊళ్ళో ఇంతకంటే పెద్ద ఆఫీసుకు బదిలీ చేశారు. మంద సగమైపోయింది కాబట్టి ఆమె పరిశోధనను మాత్రం మధ్యలోనే ఆపేశారు.

బావవాళ్ళ సామాన్ల లారీ కదిలిన రోజు ఆమె గేటు దగ్గర నిలబడింది. వెనక కారులో అక్క అద్దం దించలేదు, తల తిప్పలేదు. ఏడుపొస్తుందేమో అనుకుంది. రాలేదు. ఆ అద్దం పగలగొట్టి, "చంపింది నేనా?" అని అరవాలనిపించింది. కారు మలుపు తిరిగినా ఆమె పిడికిలి సడలలేదు.