ఐదు నెలల కిందటి ఎముక

లీలాబాయిని చూడకముందే నవత ఆమె దవడను చూసింది. జూన్ చివర్లో కరీంనగర్ ఆస్పత్రి నుంచి స్కాన్ వచ్చింది. కంప్యూటర్ తెర మీద ఎడమవైపు కింది దవడ గదులు గదులుగా బోలుపడి కనిపించింది. క్యాన్సర్ కాదు, మెల్లగా పెరిగే గడ్డ. కానీ పెరిగినంత మేరా ఎముకను తినేస్తుంది. పాడైన భాగాన్ని కోసి తీసి, ఆ జాగాలో ఆ ఒక్క మనిషి కొలతకే చేసిన టైటానియం ముక్కను బిగించాలి. ఆ ముక్కను గీయడమే నవత ఉద్యోగం. దానితోపాటు చిన్న ప్లాస్టిక్ అచ్చు కూడా చేస్తుంది. ఆపరేషన్‌లో ఎముక మీద దాన్ని ఆనిస్తే ఎక్కడ కోయాలో డాక్టర్‌కు తెలుస్తుంది.

నవతది సిరిసిల్ల. తండ్రి మరమగ్గాల మీద పనిచేస్తూనే ఆమెను ఇంజినీరింగ్ చదివించాడు. కరీంనగర్‌లోని ఈ కంపెనీలో చేరి మూడేళ్ళయింది.

జులైలో లీలాబాయి డిజైన్ పూర్తయింది, అంతలోనే పని ఆగింది. కూతురికి తొలి కాన్పు దగ్గరపడిందని, అది అయ్యాకే ఆపరేషన్‌కు వస్తానని పేషెంటు చెప్పి ఆదిలాబాద్ వెళ్ళిపోయిందట. నవంబరు మొదట్లో ఆమె తిరిగొచ్చింది. నెలాఖరుకు ఆపరేషన్ పెట్టారు.

"ఆ ఆదిలాబాద్ కేసు తియ్యి. ప్రింట్‌కు పంపుదాం," అన్నాడు మేనేజర్ విక్రాంత్.

నవత ఫైలు తెరిచి తేదీ చూసింది. "స్కాన్ జూన్‌ది సార్. మళ్ళొకటి తీయించమంటే మంచిగుంటది."

"నెమ్మదిగ పెరిగే గడ్డ అది. డాక్టర్‌కు తెల్వదా? నీకంత అనుమానముంటే కాగితంల రాయి. ఆయన చూసుకుంటడు."

నవత రాసింది. డాక్టర్ సంతకం పెట్టాల్సిన నాలుగు పేజీల అంగీకార పత్రంలో, ఆఖరి పేజీలో, కొలతల పట్టిక కింద ఒక వాక్యం: స్కాన్ పాతది, మార్పులేమైనా ఉన్నాయేమో నిర్ధారించుకోగలరు. పది నిమిషాల్లో ఆ పత్రం సంతకంతో తిరిగొచ్చింది. పది నిమిషాల్లో ఎవరూ నాలుగు పేజీలు చదవరని ఆమెకు తెలుసు. ఫోన్ చేయవచ్చు. కానీ అంతకుముందు ఇంకో కేసులో ఫోన్ చేస్తే డాక్టర్ ప్రేమ్‌సాగర్‌రావు, "కోసేది నువ్వా, నేనా?" అన్నాడు. అది ఆమె మనసులో ఇంకా మెదులుతూనే ఉంది. ఫైలును ప్రింట్‌కు పంపేసింది.

ఆపరేషన్ రోజు కంపెనీ తరఫున ఆమే థియేటర్‌లో ఉంది. డాక్టర్ దవడను తెరిచి అచ్చును ఎముక మీద పెట్టాడు. ఆనలేదు. ఒక కొన ఆనితే ఇంకో కొన లేస్తోంది. తీసి, ఎముక మీది కండను ఇంకా శుభ్రం చేసి మళ్ళీ పెట్టాడు.

"ఏందిది, నవతా?"

ఆమె దగ్గరకు వెళ్ళి చూసింది. తను తెర మీద వందసార్లు తిప్పి చూసిన ఎముక కాదది. ముందువైపు గడ్డ ఉబ్బి, తను కోత గీసిన చోటును దాటి వచ్చింది. స్క్రూలు బిగించాల్సిన చోట గట్టి ఎముకే లేదు.

"పెరిగింది సార్," అంది.

డాక్టర్ ఇంకా ముందుకు కోసి గడ్డనంతా తీశాడు. టైటానియం ముక్క ట్రేలోనే ఉండిపోయింది. ఆస్పత్రిలో ఉండే మామూలు ప్లేటును చేత్తో వంచి, ఉన్నంతలో బిగించాడు. మూడు గంటల్లో కావాల్సింది ఆరు గంటలు పట్టింది. దవడ కుదిరీ కుదరనట్టు ఒక పక్కకు జరిగి నిలిచింది.

బయట లీలాబాయి భర్త అంబదాస్ నిలబడి ఉన్నాడు. పక్కన కూతురు ప్రజ్ఞ, ఆమె ఒళ్ళో రెండు నెలల పసిపాప.

"గడ్డ పెరిగింది. మీరు ఐదు నెలలు లేట్ చేసిండ్లు గదా," అన్నాడు డాక్టర్. "పాణానికి భయం లేదు. కొన్ని నెలలైనంక ఇంకో ఆపరేషన్ చేయాలె."

అంబదాస్ డాక్టర్ వైపు కాక కూతురి వైపు చూశాడు. ప్రజ్ఞ తల వంచుకుంది. నవత వాళ్ళ వెనక నుంచే నడిచి వెళ్ళిపోయింది.

ఆఫీసులో ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. అనడానికి వీల్లేకుండా ఆ వాక్యం కాగితంలో ఉంది. "మంచి పని చేసినవ్ రాసి," అన్నాడు విక్రాంత్. నవత ఫైలు తెరిచి ఆఖరి పేజీ మళ్ళీ చదివింది. ఆ వాక్యాన్ని డాక్టర్ చదవాలని రాసిందా, రేపు తన మీదికి రాకూడదని రాసిందా? రెండోదే. రాస్తున్నప్పుడే అది ఆమెకు తెలుసు.

జనవరిలో ఇంకో పని మీద ఆస్పత్రికి వెళితే వరండాలో ప్రజ్ఞ కనిపించింది. తల్లికి చెకప్ ఉందని వచ్చారట. నవత ఎవరో ఆమెకు తెలియదు, ఆస్పత్రి మనిషే అనుకుంది. ఎట్లుందని అడిగితే చెప్పుకుపోయింది.

"జావ తప్ప ఏం తింటలేదు. కింది పండ్లు మీది పండ్లకు అందుతలేవు. రొట్టె తినక రెండు నెలలైతాంది. బాపు ఇంట్ల రోజూ అదే మాట, నీ బిడ్డ కాన్పు కాన్పని పోయి దవడ పోగొట్టుకున్నవని. అవ్వ ఏమనదు. నా పాపను మాత్రం ఎత్తుకుంటలేదు. ఎత్తుకుంటే నాకు బాధైతదని ఆమెకు తెల్సు."

"మీకెందుకు బాధ?"

"నా కాన్పు లేకపోతే అవ్వ టైంకు వస్తుండె గదా," అంది ప్రజ్ఞ.

నవత నేరుగా డాక్టర్ గదికి వెళ్ళింది. అప్పటినుంచి బ్యాగులోనే ఉన్న అంగీకార పత్రం నకలును ఆయన ముందు పెట్టి ఆఖరి పేజీ తిప్పింది. ఆయన చదివాడు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"అప్పుడు చదవలే," అన్నాడు.

"నేను ఫోన్ చేయాల్సింది సార్. చేయలే."

"ఆలస్యమైందన్నది అబద్ధం కాదు గదా."

"కాదు సార్. కానీ వచ్చినంక ఒక్క స్కాన్ తీస్తే పాత డిజైన్ పక్కన పెడుతుంటిమి. వాళ్ళు తప్పంత తమదే అనుకుంటున్నరు."

ఆయన కాగితాన్ని తిరిగి ఆమె వైపు జరిపాడు. "రెండో ఆపరేషన్ నేనే చేస్త, దగ్గరుండి చేస్త. ఇప్పుడు పోయి చెప్తే వాళ్ళకేమొస్తది? నీకేమొస్తది?"

నవత కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని బయటికి వచ్చింది. విక్రాంత్‌ను అడిగితే ఒద్దంటాడని అడగనేలేదు. ఫైలులోని అడ్రసు పట్టుకుని ఆదివారం ఆదిలాబాద్ బస్సెక్కింది.

పత్తి మిల్లుల వెనక వీధిలో రెండు గదుల రేకుల ఇల్లు. లీలాబాయి మిల్లులో పత్తి ఏరే పని చేసేది, నవంబరు నుంచి వెళ్ళడం లేదు. కొంగుతో మూతి మూసుకుని తలుపు తీసింది. నలభై ఐదేళ్ళుంటాయి, అరవై ఏళ్ళ మనిషిలా వంగిపోయి ఉంది. అంబదాస్ మంచం మీది నుంచి లేచి కూర్చున్నాడు.

తనెవరో చెప్పింది నవత. తర్వాత దారిపొడవునా కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. స్కాన్ పాతదని తనకు తెలుసని, కాగితంలో రాసి ఊరుకుందని, డాక్టర్ అది చూడలేదని, నవంబరులో ఇంకోసారి తీసి ఉంటే మొదటిసారే సరిపోయేదని.

అంబదాస్ లేచాడు. "మరి అంత తెల్సి నోట్ల ఏం పెట్టుకున్నవ్? మా తప్పని జెప్పిండు గా డాక్టరు. రెండు నెలల సంది నేను దీన్ని తిడుతున్న." తలుపు వైపు చెయ్యి చూపించాడు. "నడువు. నడువు బయటికి."

లీలాబాయి చెయ్యెత్తి అతన్ని ఆపింది. మాట ముద్దముద్దగా వచ్చింది. "ఎంతసేపు వడ్తది, గా స్కాను?"

"పది నిమిషాలమ్మా."

"పది నిమిషాలు," అంది లీలాబాయి. తర్వాత భర్తతో, "ప్రజ్ఞను పిలువు. పక్కింట్ల ఉన్నది," అంది.

ప్రజ్ఞ పాపతో వచ్చింది. నవతను గుర్తుపట్టి ఆశ్చర్యపోయింది.

"దీనికి చెప్పు. మొదటి సంది చెప్పు," అంది లీలాబాయి.

నవత మళ్ళీ చెప్పింది. రెండోసారి ఇంకా కష్టమైంది. నడుమ ఆగితే లీలాబాయి, "ఆపకు," అంది. పూర్తయ్యేసరికి ప్రజ్ఞ గోడకు ఆనుకుని కూర్చుంది, ఏడుపు లేదు, ఊరికే నవత ముఖంలోకి చూస్తోంది. లీలాబాయి వెళ్ళి ఆమె ఒళ్ళోంచి పాపను తీసుకుంది.

నవత, "నన్ను క్షమించుండ్రి," అంది.

"మాఫ్ చేసుడు సంగతి నాకు తెల్వదు," అంది లీలాబాయి. "ఆయనతోని దినాం మాటలు వడ్డ. నా బిడ్డ ముఖం మాడిపాయె. అది నువ్వు తెచ్చియ్యలేవు. మళ్ళ చేసేటప్పుడు మాత్రం నువ్వే గియ్యాలె. భయమున్నోళ్ళు జర మంచిగ చూస్తరు."

"ఈమెనేనా?" అన్నాడు అంబదాస్.

"ఈమెనే."

అంబదాస్ ఊరుకోలేదు. నవత చెప్పిందంతా రాయించుకుని సంతకం పెట్టించుకున్నాడు, దాన్ని ఆస్పత్రిలో ఇచ్చాడు. విచారణలో డాక్టర్ ప్రేమ్‌సాగర్‌రావు వాదించలేదు. తను చదవలేదని ఒప్పుకున్నాడు, కుటుంబాన్ని పిలిచి ఆ మాట వాళ్ళ ముందు చెప్పాడు. రెండో ఆపరేషన్ ఖర్చు వాళ్ళ మీద పడలేదు. విక్రాంత్ మాత్రం నవతతో మాట్లాడటం మానేశాడు. ఆ ఒక్క కేసు పూర్తయ్యాక వేరే ఉద్యోగం చూసుకొమ్మన్నాడు.

ఏప్రిల్‌లో కొత్త స్కాన్ తీశారు. ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు ఇంకొకటి తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. గడ్డ తిరిగి రాలేదు. చేతితో వంచిన ప్లేటు తీసేసి కొత్త ముక్క పెట్టినప్పుడు అది ఎముకకు ఎక్కడా వెలితి లేకుండా కూర్చుంది. డాక్టర్ ఒక్కో స్క్రూ తానే బిగించాడు. నవత గోడ పక్కన నిలబడి చూసింది. సంతోషం రాలేదు. నవంబరులో కూడా ఇట్లాగే కూర్చునేదన్న మాటే మనసులో తిరిగింది.

జూన్‌లో తల్లికి చెకప్ ఉందని, ఆస్పత్రికి రమ్మని ప్రజ్ఞ ఫోన్ చేసింది. అప్పటికి నవత పాత కంపెనీలో లేదు, అయినా వెళ్ళింది. లీలాబాయి బెంచీ మీద కూర్చుని టిఫిన్ డబ్బాలోంచి జొన్నరొట్టె తుంచుకుని పప్పులో నానబెట్టి తింటోంది. ముఖం సమంగా ఉంది. పళ్ళు పళ్ళకు అందుతున్నాయి. కానీ గడ్డతోపాటు నరం కూడా పోవడంతో ఎడమవైపు కింది పెదవికి స్పర్శ లేదు. అది ఇక రాదని డాక్టర్ ముందే చెప్పాడు. పప్పు పెదవి మీంచి గదవకు కారుతున్నా ఆమెకు తెలియడం లేదు. ప్రజ్ఞ తన గదవను వేలితో తాకి చూపిస్తే లీలాబాయి కొంగుతో తుడుచుకుంది.

అంబదాస్ కొంచెం దూరంగా కిటికీ దగ్గర నిలబడ్డాడు. నవతను చూసి ముఖం తిప్పుకున్నాడు.

"ఆయన గంతే," అంది లీలాబాయి. పక్కకు జరిగి బెంచీ మీద జాగా ఇచ్చింది. "కూసో. దసరాకు కొత్త పత్తి రాంగనే మిల్లుకు పోత. జర నమిలినంక మాట్లాడుత."

నవత కూర్చుంది. లీలాబాయి తొందరపడకుండా, ప్రతి ముక్కనూ రెండు వైపులా తిప్పుకుంటూ నములుతూ పోయింది.